ఖాళీ బంగళా ముందు చెప్పులు

మా చిన్నప్పుడు... మే నెల మిట్టమధ్యాహ్నం, జమ్మలమడుగు దారిలో పాత దొర బంగళా రాగానే మా అబ్బ చెప్పులు విడిచి చంకలో పెట్టుకున్నాడు. అబ్బ అంటే మా నాయనకు నాయన. నన్నూ విడవమన్నాడు. నావి ప్రొద్దుటూరులో కొన్న కొత్త చెప్పులు... ఇంకా వాసన కూడా పోలేదు.

తారు కరిగి కాళ్లకు అంటుకుంటోంది. బంగళా గోడ చాలా పొడుగు. అది దాటేలోపే ఏడుపు మొదలుపెట్టాను.

లోపల ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాడు. నిజమే. దొరలు దేశం విడిచి ఎన్నో ఏళ్లయింది. వరండాలో కావలి మనిషి మేకలు కట్టేసి ఉన్నాయి, అంతే.

ఇంటికొచ్చాక మా జేజి, అంటే మా నాయనమ్మ, నా అరికాళ్ల బొబ్బలకు వెన్న రాసింది. రాస్తున్నంతసేపూ మూలనున్న అబ్బ చెప్పుల వైపే చూసింది.

మరుసటి పొద్దున జేజి అబ్బ చెప్పులు వేసుకుంది. పుట్టినప్పటి నుంచి చెప్పు ఎరగని కాళ్లు ఆమెవి... అప్పట్లో మా ఇళ్లలో ఆడవాళ్లు వేసుకునేవారు కాదు. పెద్ద చెప్పులు టపాటపా కొట్టుకుంటుంటే నా చెయ్యి పట్టుకుని బంగళా దాకా నడిచింది. వద్దని బతిమాలుతూ అబ్బ ఒట్టికాళ్లతో వెనకే వచ్చాడు.

జేజి గేటు తోసుకుని పోయి, మెట్లెక్కి, మేకల పక్కన కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. అబ్బ గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఎవురికయ్యా నీ దండాలు? ఈ మేకలకా?" అంది.

కావలి మనిషి నవ్వాడు. అబ్బ నవ్వలేదు. గేటు కమ్మి పట్టుకుని అన్నాడు:

"చెప్పులతో పోతాండాడని మా నాయన్ను ఈడనే గదమే... అవే చెప్పులు నెత్తిన పెట్టి ఎండలో నిలబెట్నారు. నేను పక్కనే ఉండా. ఈ పాపంత ఉండా."

జేజి మెట్లు దిగి వచ్చింది. చెప్పులు విప్పి అబ్బ కాళ్ల ముందు పెట్టింది.

"అందుకే ఏసుకో" అంది.

అబ్బ వేసుకోలేదు. చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. పోయేదాకా ఆ గోడ పక్కన ఒట్టికాళ్లతోనే నడిచాడు.

అప్పుడు నాకు అబ్బ మీదే కోపం. ఆ కోపం సరైన చోటికి చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. కన్నతండ్రిని కళ్లముందు నిలబెట్టి, ఆ పిల్లవాడి చేత బతుకంతా చెప్పులు మోయించారే... వాళ్ల మీద.

ఆ బంగళాను ఎప్పుడో పడగొట్టేశారు. పీడ విరగడైందనుకున్నాను.

మొన్న సర్టిఫికెట్ పని మీద మా అమ్మాయితో పులివెందులలో ఒక ఆఫీసుకు వెళ్లాను. సారు గది బయట చెప్పుల కుప్ప. విడవమని బోర్డు లేదు, చెప్పిన మనిషీ లేడు. సారు మాత్రం లోపల బూట్లతోనే కూర్చున్నాడు. ఎమ్మెస్సీ చదివిన మా అమ్మాయి వంగి చెప్పు పట్టీ విప్పుతోంది.

ఒళ్లు మండిపోయింది నాకు.

"ఏసుకో పాపా" అన్నాను.

వరుసలో వాళ్లంతా తిరిగి చూశారు. మా అమ్మాయి నన్ను చూసింది, ఆ తలుపును చూసింది... పట్టీ బిగించుకుంది. ఇద్దరం చెప్పులతోనే లోపలికి వెళ్లాం.

మా వెనకే ఒక పెద్దాయన వచ్చాడు... చెప్పులు చంకలో పెట్టుకుని.

గుడీ ఇల్లూ కాకుండా, మీ ఊళ్లో ఇంకా ఏ గడప ముందు చెప్పులు విడుస్తున్నారు? రాయండి... ఎవరి కోసమో కూడా రాయండి.