మోస్రా పిల్లవాడి ఎడమ కన్ను

తొంభైల మొదట్లో నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి కంటి వైద్యురాలిగా బదిలీ అయ్యాను. చెరకు కోతల కాలంలో మోస్రా అనే ఊరి నుంచి గంగామణి అనే బీడీ కార్మికురాలు ఆరేళ్ల కొడుకు సాయిలును తీసుకొచ్చింది. ఎడమ కంటి పాపలో పసుపు మెరుపు కనిపిస్తోంది. అంతకుముందు చూపించిన చోట క్యాన్సర్ కావచ్చన్నారట.

"కన్ను తీయకుంటే పాణం పోతదట. తీస్తే పోరడు ఒంటికన్నోడైతడు. ఏం జెయ్యాలె డాక్టరమ్మా?" అని ఏడ్చింది. బోధన్‌కు చెరకు బండి తోలే ఆమె భర్త రాజన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

చుక్కలు వేసి పాప విప్పారాక పరీక్షించాను. కంటి లోపలి రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు బుడిపెల్లా ఉబ్బి ఉన్నాయి. వాటి నుంచి కారిన పసుపు కొవ్వు పొర కింద పేరుకుంది. కోట్స్ వ్యాధి అనుకున్నాను. ఎక్కువగా మగపిల్లల్లో, సాధారణంగా ఒక కంటికే వచ్చే అరుదైన జబ్బు అది. అయితే క్యాన్సర్ కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. అనుమానం మీద కన్ను తీయమని చెప్పలేను, ఉంచమనీ చెప్పలేను. మత్తిచ్చి పరీక్ష, స్కాన్ చేయడానికి హైదరాబాదు పంపాను. ఒకవేళ కన్ను దక్కినా అందులో చూపు రాదని పంపే ముందే చెప్పాను.

అక్కడ క్యాన్సర్ గడ్డ లేదని తేలింది. బాగా చల్లటి పరికరం ఆనించి, ఉబ్బిన నాళాలను గడ్డకట్టించి మూసేశారు. దీన్ని క్రయో అంటారు. కొన్ని విడతల తర్వాత కారడం ఆగింది. కన్ను దక్కింది.

"చూపే రానప్పుడు గింత తిప్పలెందుకు వడ్డట్టు?" అంది గంగామణి, తిరిగి వచ్చాక. రాజన్న అందుకున్నాడు. "పాణానికి భయం లేదు గదనే. నొప్పి లేదు. ఇంకేం గావాలె?"

ఆమె గొంతు తగ్గించి మరో మాట చెప్పింది. అంటుకుంటుందేమోనని అత్త సాయిలుకు వేరే కూర్చోబెట్టి అన్నం పెడుతోందట, వాడి చెల్లెల్ని దగ్గరికి పోనివ్వడం లేదట. అది అంటువ్యాధి కాదన్నాను. "గట్లయితే గీ మాట మా అత్తకు మీరే జెప్పాలె" అంది.

తర్వాతి వారం అత్తనూ, సాయిలునూ, వాడి చెల్లెల్నీ వెంటబెట్టుకొచ్చింది. పిల్ల కళ్లు చూసి బాగున్నాయన్నాను. జబ్బు సంగతి వివరిస్తుంటే ముసలమ్మ మధ్యలోనే మనవణ్ణి ఒళ్లోకి లాక్కుంది. "నా మనుమణ్ణి నేనే దూరం వెడితినా!" అంది. సాయిలుకు చూపున్న కుడి కంటికి దెబ్బ తగలకుండా కళ్లజోడు రాసిచ్చి, ఏటా చూపించమన్నాను. పదో తరగతి దాకా తప్పకుండా వచ్చాడు.

జబ్బును సరిగ్గా గుర్తించడంతో వైద్యుడి పని సగమే అవుతుంది. ఏది నయమవుతుందో, ఏది కాదో ఇంట్లో అన్నం పెట్టే మనిషికీ తెలియాలి. ఆ తర్వాత పిల్లల కేసుల్లో ఇంటి పెద్దను కూడా పిలిపించి మాట్లాడేదాన్ని.