తుండుగుడ్డ కింద ఒక వేలు

నూజివీడులో మాది మామిడికాయల కమీషన్ కొట్టు. బేరమాడకుండా ఊపిరి కూడా పీల్చని ఇల్లు. నేనైతే దగ్గుమందు కొంటూ కొసరు అడిగిన ఘనుణ్ణి.

అన్నయ్యకు స్కిజోఫ్రీనియా. మాత్రలు వేసుకున్నన్నాళ్లు కాటా దగ్గర కూర్చుని నాకంటే బాగా వ్యాపారం చేస్తాడు. మానేస్తే చెవిలో గొంతులు మొదలవుతాయి. మేమంతా శత్రువులమని అవి చెబుతాయి. ఈ సీజన్లో అలాగే మానేసి, నాన్న మీదకి తూకం రాయి విసిరాడు. నుదుటికి కుట్లు పడ్డాయి. "పెట్టె జారి పడిందండీ" అని రైతులకి చెప్పాం. నమ్మారు పాపం, మా తూకాల్ని నమ్మినట్టే.

"ఇంకోసారి చెయ్యెత్తితే వెనక గదిలో పెట్టి గొళ్లెం వేస్తా," అన్నాడు నాన్న. అప్పటిదాకా ఆ గదిలో కాయలు మాత్రమే మగ్గేవి.

ముసునూరు బాబాయేమో, అన్నయ్యకి పెళ్లి చేస్తే సర్దుకుంటాడన్నాడు. దెబ్బలు తినడానికి కొత్త మనిషి కావాలి కాబోలు.

విజయవాడ డాక్టరుగారు మాత్రం, రోజూ మాత్రతో కుస్తీ ఎందుకు, నెలకో ఇంజెక్షన్ వేద్దామన్నారు. ఆ గొంతులు తగ్గితే కోపమూ తగ్గుతుందట. కాకపోతే అన్నయ్య ఒప్పుకోవాలి.

"రెండు నెలలకోటి సరిపోదాండీ?" అన్నాను, నోరు ఊరుకోక.

"ఇక్కడ ఫిక్స్‌డ్ రేటండీ."

అన్నయ్య దగ్గర ఇంజెక్షన్ మాటెత్తితే చాలు, పెదాల మీద వేలు పెట్టేవాడు. చెవిలో గొంతులవాళ్లు వింటారట.

ఓ మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు, భుజం మీది తుండుగుడ్డ తీసి నా చేతి మీద కప్పాడు. రేటు నలుగురికీ తెలియకూడదంటే మా బజార్లో అంతే, గుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడతాం; ఎన్ని వేళ్లు పడితే అంత రేటు. వినడానికి ఎవరికీ ఏమీ దొరకదు.

నా వేళ్లు రెండు పట్టుకున్నాడు. రెండు నెలలకోటి! ఒకే కొట్లో పెరిగాం మరి.

నేను ఆయన వేలు ఒకటే పట్టుకున్నాను. ఆయన ఒక వేలూ, పక్క వేలు సగమూ పట్టి ఒకటిన్నరకి దిగాడు. ఇంకెవరైనా అయితే ఆ అరా నేనే వదిలేసి చాయ్ తెప్పించేవాణ్ణి. అక్కణ్ణుంచి వెనక గది గొళ్లెం కనిపిస్తోంది. ఒక్క వేలే పట్టుకుని కూర్చున్నాను, వదల్లేదు.

చాలాసేపటికి ఆయనా నా వేలు ఒకటే పట్టి నొక్కాడు. గుడ్డ దులిపి భుజాన వేసుకుని, నా చెవి దగ్గర వంగాడు.

"ఒరేయ్, వాళ్లడిగితే మామిడికాయల బేరమని చెప్పు."

"అలాగే అన్నయ్యా," అని, మాట మారేలోపు విజయవాడకి కారు తీశాను.