నాగులమ్మ హెవీ లైసెన్సు

పాకాల మామిడి మండీలో నాగులమ్మ ఆరేళ్లు చిన్న ట్రాలీ ఆటో నడిపింది. మే మొదట్లో ఒకరోజు యజమాని సుబ్రమణ్యం ఆమె చేతిలో పది టైర్ల లారీ తాళం పెట్టాడు.

"డ్రైవరు రాలేదు. చిత్తూరు జ్యూసు ఫ్యాక్టరీకి నువ్వే తోలుకొని పో."

"నాది లైట్ లైసెన్సన్నా. దీనికి హెవీ కావల్ల."

"ఎవురు సూస్తారు? నేను మాట్లాడతాలే."

"ఎవురికన్నా తగిలితే జైలుకు పొయ్యేది నేను. తోల్ను."

ఆ సాయంత్రమే పని పోయింది.

తెల్లవారుజామున పాలవ్యాను నడిపే పనిలో చేరి, ఒకరోజు పదింటికి బస్సెక్కి తిరుపతిలో డ్రైవింగ్ స్కూలుకు వెళ్లింది. అక్కడ నేర్పే రఘునాథ్ పెదవి విరిచాడు.

"హెవీకి ఎనిమిదో క్లాసు పాసైండాల గదమ్మా. నువ్వు సదివింది ఐదే."

"ఆ రూలు తీసేసి శానా ఏండ్లయింది సార్. కనుక్కొనే వచ్చినా."

అతను ఫోన్ చేసి అడిగాడు. నిజమే. ఫారం తీసి ఇచ్చాడు.

నెలరోజులు క్లచ్ తొక్కితొక్కి ఎడమ తొడ వాచిపోయింది. డాక్టరు కళ్లు చూసి సర్టిఫికెట్ రాశాడు. టెస్టు రోజున లారీని వెనక్కి తీస్తూ, హద్దుగా పాతిన కడ్డీకి తగిలించింది. వరసలో నిలబడ్డ మగవాళ్లు నవ్వారు. ఆమెకు ఏడుపొచ్చింది, కానీ వాళ్ల ముందు ఏడవలేదు. వారం తర్వాత మళ్లీ వెళ్లి, కడ్డీల మధ్య బండిని సరిగ్గా నిలిపింది. హెవీ లైసెన్సు చేతికొచ్చింది.

జులైలో జ్యూసుకు పోయే తోతాపురి మామిడి లోడ్లు పెరిగాయి. డ్రైవర్లు చాలక సుబ్రమణ్యం కబురు పెట్టాడు. నాగులమ్మ మండీకి వచ్చింది గానీ తాళం తీసుకోలేదు.

"ముందు బండి కాయితాలు సూపించన్నా."

ఇన్సూరెన్సు, పర్మిట్టు ఉన్నాయి. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు మాత్రం రెండు నెలల కిందటే తీరిపోయింది.

"బ్రేకులు బాగానే ఉండాయి," అన్నాడు.

"బాగుంటే ఆర్టీవో ఆఫీసులో సూపించి కాయితం తెచ్చుకో. అదొచ్చినాకే ఎక్కుతా."

పక్కనే టీ తాగుతున్న రెండో లారీ డ్రైవరు మునిప్రసాద్ లేచాడు. తన తాళం కూడా యజమాని బల్లమీద పెట్టాడు.

"నా బండిది కూడా సూడన్నా. అడగాలని నాకెప్పుట్నించో ఉండాది."

నాలుగు రోజులు రెండు లారీలూ కదల్లేదు. సుబ్రమణ్యం మండీ అంతా తిరిగి ఇద్దరినీ తిట్టాడు. వేరే డ్రైవర్లు కూడా కాగితాలే అడిగారు. చివరికి రెండు లారీలకూ బ్రేకు లైనర్లు మార్పించి, ఫిట్‌నెస్ చేయించుకొచ్చాడు.

తొలి లోడుతో నాగులమ్మ చిత్తూరుకు బయలుదేరుతుంటే అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె అద్దం సరిచేసుకుని గేరు వేసింది.