లేవండమ్మ రాసిన రిపోర్టు

పనిలో దెబ్బ తగిలినవాళ్ళ చేత వ్యాయామం చేయించి, మళ్ళీ పనికి పంపడం ఆమె ఉద్యోగం. "వంగండి, లేవండి" అని రోజుకు వందసార్లు అనేది కాబట్టి అందరూ లేవండమ్మ అని పిలిచేవారు. ఎదురుగానే పిలిచేవారు. ఆమె పలికేది కూడా.

ఆమె గదిలో మంచం ఒక్కటే. మిగతాదంతా ఇసుక నింపిన పెట్టెలు, నిచ్చెన, తోపుడు బండి, ఎత్తు మార్చుకునే బల్ల. ఎవరిది ఏ పనో కనుక్కుని, ఆ పనే కొంచెం కొంచెంగా చేయించేది.

ఒక పెద్ద లాండ్రీ నుంచి ఇస్త్రీ అక్క వచ్చింది. దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరులో ఆవిడ కుడిచెయ్యి ఇరుక్కుంది. కాలిన చర్మం బిగుసుకుపోయి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఏడు నెలలు పట్టింది. మొదట స్పాంజి నొక్కడం, తర్వాత తడిగుడ్డ పిండటం, ఆఖరికి దుప్పటి అంచు పట్టి లాగడం.

"తొందరగా బాగుచెయ్యండి మేడం. ఈ చేత్తో ఒక్కటిస్తే గానీ మా ఆయన దారికి రాడు" అని నవ్వించేది ఇస్త్రీ అక్క.

పిడికిలి బలం పూర్తిగా వచ్చాక లేవండమ్మ ఆవిడను వెంటబెట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. రోలరు తిరగడం మొదలైంది. ఇస్త్రీ అక్క దుప్పటి పట్టుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది. ఒళ్ళంతా చెమట.

"భయంగా ఉందా?"

"ఏమో మేడం, చెయ్యి నా మాట వినట్లేదు. మడతపెట్టే బల్ల దగ్గర వేయించండి. అక్కడైతే ఎంతసేపైనా నిలబడతాను."

చెయ్యి పూర్తిగా బాగుపడిందని లేవండమ్మ రిపోర్టు మొదటి పేజీలో రాసింది. రోలరు దగ్గర మాత్రం ఇప్పుడే పెట్టవద్దని రెండో పేజీలో రాసింది. లాండ్రీ ఆఫీసువాళ్ళు మొదటి పేజీ చూసి రోలరు దగ్గరే వేశారు.

తొమ్మిదో రోజు ఇస్త్రీ అక్క ఉలిక్కిపడి దుప్పటి వదిలేసింది. అవతలి అంచు పట్టుకున్నది ఆవిడ తోడికోడలే. వంకరగా పోతున్న దుప్పటిని సరిచేయబోయింది. రెండు వేళ్ళు పోయాయి.

నెలన్నర తర్వాత తోడికోడలు లేవండమ్మ గదికి వచ్చింది. తీసుకొచ్చిన ఇస్త్రీ అక్క గుమ్మం దాటలేదు.

"లోపలికి రామ్మా."

"వద్దండి. దాని మొహం చూడలేను."

"ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నావు కదక్కా!" అంది తోడికోడలు లోపలినుంచి. ఆవిడ కదల్లేదు.

లేవండమ్మ కట్టు విప్పుతూ, "తప్పు నాదమ్మా. ఆ మాట మొదటి పేజీలోనే రాయాల్సింది" అంది.

"మీరు రాశారు కదండీ. చదవంది వాళ్ళు."

ఆ మాటతో లేవండమ్మ మనసు కుదుటపడలేదు. కాసేపటికి తోడికోడలే గొంతు తగ్గించి చెప్పింది. "ఇప్పుడు నాకు జడ అక్కే వేస్తుందండి. మరీ బిగించి వేస్తుంది. నొప్పని మాత్రం అనను."

లేవండమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు పనిచేసింది. ఏ రిపోర్టయినా, మనిషిని ఏ పనిలో పెట్టకూడదో అక్కణ్ణించే మొదలుపెట్టేది. మార్చి రాయమని ఎన్నోసార్లు వెనక్కి పంపారు. ఆమె మార్చలేదు. తోడికోడళ్ళిద్దరూ మళ్ళీ లాండ్రీ గడప తొక్కలేదు.