పాడర్‌బోర్న్‌లో వసుంధర గారి మంగళవారాలు

లైప్‌జిగ్‌లో మా ఆఫీసు వాళ్ళు బ్యాడ్మింటన్ ఆడుకోవడానికి ఒక బడి వ్యాయామశాలను అద్దెకు తీసుకున్నారు. మొన్న మొదటిసారి వెళ్ళాను. తలుపు తీయగానే రబ్బరు చాపల వాసన, చెక్కనేలకు రాసిన పాలిష్ వాసన, పిల్లలు వదిలివెళ్ళిన చెమట వాసన కలిసి ముఖానికి కొట్టాయి. గుమ్మంలోనే ఆగిపోయాను. పక్కనున్నతను ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఈ వాసన నాకు వసుంధర గారిదని, ఆమె పోయి ఏడాది కావస్తోందని చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

అప్పుడు నేను పాడర్‌బోర్న్‌లో ఎమ్మెస్ రెండో సెమిస్టరులో ఉన్నాను. గది, లైబ్రరీ, మళ్ళీ గది. అమ్మ ఫోన్ చేస్తే తప్ప రోజంతా నోరు విప్పే పని ఉండేది కాదు. ఒకరోజు యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద తెలుగులో చేత్తో రాసిన కాగితం కనిపించింది. "కూచిపూడి కొద్దిగా వచ్చినా చాలు. బడిపిల్లలకు నేర్పడానికి తోడు కావాలి." ఖమ్మంలో ఏడేళ్ళు నేర్చుకుని ఇంటర్‌లో మానేసినదాన్ని. కాగితం కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది. బడి చిరునామా, కింద "మంగళవారం పదింటికి రా అమ్మా" అని.

వసుంధర గారికి డెబ్బై దాటాయి. పెళ్ళైన కొత్తలో డాక్టరు భర్త వెంట ఏలూరు నుంచి వచ్చారు. ఆస్పత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు. కూతురు మ్యూనిక్‌లో ఉంటుంది, తల్లి తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబిస్తుంది. చక్రాల సంచిలో స్పీకరు పెట్టుకుని, రెండు బస్సులు మారి, మూడో తరగతి పిల్లలకు నాట్యం నేర్పడానికి ఆ బడి వ్యాయామశాలకు వచ్చేవారు. మొదటిరోజు మేము మోకాళ్ళు పక్కలకు వంచి అరమండిలో కూర్చోగానే పిల్లలు "కప్ప! కప్ప!" అని జర్మన్‌లో అరిచారు. ఆమె నవ్వి, "అవును, కప్పలమే. గెంతకుండా ఎంతసేపు కూర్చోగలరో చూద్దాం" అన్నారు. నిమిషంలో ఇరవై కప్పలు తయారయ్యాయి. నేను ఊరుకోలేక, నాకు గుర్తున్న జతి ఒకటి వేగంగా చేసి చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో ఆమె అన్నారు: "బాగా చేశావమ్మాయ్. కానీ నువ్వు చేస్తున్నంతసేపూ వాళ్ళు కూర్చుండిపోయారు. మనం వెళ్ళింది వాళ్ళు చూడ్డానికా, చెయ్యడానికా?" సిగ్గుతో కిటికీ వైపు తిరిగాను. ఆమె మాత్రం సంచిలోంచి జంతికల డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టారు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పాట మధ్యలో స్పీకరు ఆగిపోయింది. పిల్లలకు వీపు పెట్టి అడుగులు చూపిస్తున్న వసుంధర గారు ఆగలేదు. వెనక పిల్లలు ఆగిపోయారు, కిసకిస నవ్వుతున్నారు. ఆమె ఒక్కరే ఆ నిశ్శబ్దంలో నాట్యం చేస్తూ ఉన్నారు. ఏం చెయ్యాలో తెలియక, ఆమె వెనక నిలబడి చెక్కనేల అదిరేలా తాళం తొక్కడం మొదలుపెట్టాను. పిల్లలూ అందుకున్నారు. ఆ అదురు పాదాలకు తగిలి ఆమె వెనక్కి తిరిగారు. నా ముఖం చూసి అంతా గ్రహించారు.

బస్‌స్టాపులో ఆమె జుట్టు పక్కకు తోసి చెవి మిషను చూపించారు. తర్వాత నెమ్మదిగా, "రెండేళ్ళయింది. మనిషి ఎదురుగా ఉంటే మిషను పెట్టుకుని నెట్టుకొస్తున్నా. పాట మాత్రం అందటం లేదు. ఒట్టి రొదే" అన్నారు.

"బడిలో టీచరుకు చెప్పొచ్చు కదండీ?"

"చెప్తే ఇక ఇంట్లో కూర్చోమంటారు. ఇంట్లో ఎవరున్నారమ్మా?"

ఆ తర్వాత ప్రతి మంగళవారం ఆమె వెనక, ఎడమపక్కన నిలబడి తాళం తొక్కాను. ఎవరికీ చెప్పలేదు.

చదువు అయింది, లైప్‌జిగ్‌లో ఉద్యోగం దొరికింది. జూలైలో బడి వేడుక, పిల్లల ప్రదర్శన. "తప్పకుండా వస్తానండీ" అన్నాను. ఆ శనివారం ఆఫీసులో పని పడింది. నన్ను ఇంకా పర్మనెంటు చెయ్యలేదు. వీలుకాదని బాసుతో అనడానికి నోరు రాలేదు. ఉదయం ఆమెకు మెసేజ్ పెట్టాను. "పర్లేదమ్మా, పని ముఖ్యం" అని జవాబు. నిజంగానే పర్లేదనుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో క్లాసు టీచరు ఫ్రావ్ బెకర్ తర్వాత రాశారు. వసుంధర గారు గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డారట. ఆఖరికి లోపలికి వచ్చి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, "నాకు పాట వినపడదు. మీ పాదాలతో మీరే నాకు వినిపించాలి" అన్నారట. పిల్లలు చెప్పులు విప్పి వేదిక అదిరేలా తొక్కారు. ప్రదర్శన బాగా జరిగింది. ఎవరూ ఆమెను ఇంట్లో కూర్చోమనలేదు. సెలవుల తర్వాత కూడా ఆమె మంగళవారాలు సాగాయి. వెళ్ళి ముఖం చూపించడానికి నాకే ధైర్యం చాలలేదు. వచ్చే నెల, ఆ పై నెల అనుకుంటూ ఉండగానే, నిద్రలోనే పోయారని నవంబరులో కబురు వచ్చింది.

అంత్యక్రియలకు వెళ్ళాను. కూతురితో రెండు ముక్కలు మాట్లాడి పక్కన నిలబడితే, నాట్యం నేర్చుకున్న లీనా అనే పిల్ల నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. జర్మన్‌లో అంది: "ఆవిడ వెనక ఎడమపక్కన మమ్మల్ని నిలబడనిచ్చేవారు కాదు. అది మీ చోటట. ఖాళీగా ఉంచమనేవారు."

తిరుగు రైలులో ఐదు గంటలు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆ ఖాళీ చోటు ఎంత ఉంటుందో, ఒక మనిషి రెండు పాదాలు పెట్టుకునేంతే కదా అని మాత్రం పదేపదే అనిపించింది.

ఇప్పుడు మా పేటలోని పిల్లల కేంద్రంలో బుధవారాలు నాట్యం నేర్పుతున్నాను. వచ్చేది ఐదుగురు, వాన పడితే ముగ్గురు. అయ్యాక ఇంటికొచ్చి ఎలా జరిగిందో చెప్పుకోవడానికి ఎవరూ లేరు. పోయిన నెల బాసు ఒక బుధవారం మధ్యాహ్నం మీటింగు పెట్టాడు. కుదరదన్నాను. ఎందుకన్నాడు.

"పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉంటారు" అన్నాను.