మాత్రల్ని తిట్టే డాక్టరమ్మ

ఆ పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మకి ఒకటే జబ్బు. మాత్రల్ని తిడుతుంది. మింగినవాళ్ళని కాదు, అమ్మినవాళ్ళని కాదు, సాక్షాత్తూ మాత్రల్నే. బల్లమీద ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, చెడామడా కడిగేస్తుంది. గుండ్రంగా ఉంటే "ఏరా గుండూ" అంటుంది. గొట్టం మాత్రయితే "ఏమోయ్ పొడుగోడా" అంటుంది. గులాబీరంగు మాత్రలంటే మరీ ఒళ్ళుమంట. "సింగారించుకుని మరీ వచ్చావా, కొంపలు ముంచడానికి!"

ఈ భాగోతమంతా పక్కన నిలబడి చూడాల్సిన ఖర్మ నర్సమ్మది. ఏళ్ళ తరబడి ఆవిడ దగ్గరే పనిచేస్తోంది. మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత సిగ్గేసేది. ఇప్పుడైతే తిట్లు మొదలవగానే వెళ్ళి తలుపు వేసి వస్తుంది, బయట బెంచీల మీదవాళ్ళు వినకూడదని. వాళ్ళేమో వినడానికే బెంచీలు గోడ దగ్గరికి జరుపుకుంటారు.

ఒకసారి లెక్కల మాస్టారు ఒకాయన వచ్చాడు. కింది పెదవి మీద చొక్కా బొత్తామంత నల్లమచ్చ. వెనకాలే భార్య, దొంగని పట్టుకొచ్చిన పోలీసులా.

"తగ్గుతుందండీ, మళ్ళీ సరిగ్గా అక్కడే వస్తుంది" అన్నాడు మాస్టారు.

"ఎక్కణ్ణించి వస్తోందో ఆయన్నే చెప్పమనండి" అంది భార్య. "పెదవి మీద! ప్రతిసారీ అక్కడే! నా చెవిలో ఏమైనా పువ్వుందా?"

డాక్టరమ్మ ఆవిడ వంక చూడలేదు. "ఇంట్లో గొడవైతే మీకేమవుతుంది మాస్టారూ?"

"తలనొప్పొస్తుందండీ."

"వస్తే?"

మాస్టారు జేబులోంచి ఓ మాత్ర తీశాడు. నర్సమ్మ తలుపు వేయడానికి పరిగెత్తింది.

"దొరికావా గుండూ! మనిషికి ఇంత ఒళ్ళుంటే నీకు ఆ పెదవే కావలసి వచ్చిందా? ఈవిడతో గొడవపడి ఈయన నిన్ను మింగడం, నువ్వు మచ్చ పెట్టడం, అది చూసి ఈవిడ గొడవపడడం, తలనొప్పొచ్చి ఈయన మళ్ళీ నిన్నే మింగడం! ఇంతకంటే బతకడానికి నీకు వేరే దారే దొరకలేదా?"

కొందరి ఒంటికి కొన్ని మందులు సరిపడవని, అవి వేసుకున్నప్పుడల్లా సరిగ్గా అదే చోట మచ్చ లేస్తుందని ఆ తర్వాత నిదానంగా చెప్పింది. మాస్టారి భార్య ఆ మాత్రని సవతిని చూసినట్టు చూసింది. వెళ్ళేటప్పుడు మొగుడి సంచీ తనే పట్టుకుంది.

ఇలాంటివి సూపరింటెండెంటు చెవిన పడకుండా ఉంటాయా? ఆయన పరువు మనిషి. "తనిఖీ కమిటీ వస్తోంది. వాళ్ళ ముందు మాత్రల్ని తిట్టారంటే మిమ్మల్ని మందుల గోదాములో కూర్చోబెడతాను" అన్నాడు.

"అక్కడ ఇంకా ఎక్కువ మాత్రలుంటాయి కదండీ" అంది డాక్టరమ్మ.

నర్సమ్మ బెంగ నర్సమ్మది. ఈవిడ గోదాముకి పోతే వార్డు గతేమిటి? అప్పటికే వార్డులో ఓ బస్సు డ్రైవరు చావుబతుకుల్లో ఉన్నాడు. ఏదో మందు వికటించి ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు, చర్మం కాలినట్టు పొక్కి ఊడొస్తోంది. పెదవులు పుండ్లు పడి మాట రావడం లేదు, కళ్ళు తెరుచుకోవడం లేదు. డాక్టరమ్మ అనుమానం ఉన్న మందులన్నీ ఆపేసింది. అయినా రోజూ కొత్త మచ్చలే. ఏమైనా వేశారా అంటే భార్య లేదంది. తల్లి తల అడ్డంగా ఊపింది.

"ఈయనకి ఎవరైనా ఏదైనా పెట్టారని తెలిస్తే వాళ్ళని నా గడప తొక్కనివ్వను" అని భార్య వార్డంతా వినబడేలా అంది. తల్లి కళ్ళజోడు డబ్బా ఒళ్ళోకి లాక్కుని మూలకి జరిగింది.

తనిఖీ రోజు నర్సమ్మ పొద్దున్నే వచ్చి, డాక్టరమ్మ కంటికి వార్డులో ఒక్క మాత్ర కూడా కనబడకుండా సర్దేసింది. కమిటీవాళ్ళు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చారు. డాక్టరమ్మ బుద్ధిగా వాళ్ళకి మంచాలు చూపించింది. డ్రైవరు మంచం దగ్గర మాత్రం ఆగి, పక్కనున్న గ్లాసు ఎత్తి అడుగున చూసింది. గ్లాసు కింద పెట్టేసి, తన హ్యాండ్‌బ్యాగులోంచి ఓ మాత్ర తీసి మంచం పక్క బల్లమీద పెట్టింది.

నర్సమ్మ దాన్ని గుర్తుపట్టింది. అది డాక్టరమ్మ సొంత బీపీ మాత్ర!

"ఏరా గుండూ!" మొదలైపోయింది. "నిన్ను తెచ్చిన చెయ్యి ఎలాంటిదో తెలుసా నీకు? బిడ్డ బాధ చూడలేక, దిక్కు తోచక, నిన్ను పొడిచేసి నీళ్ళలో కలిపి తాగించిన చెయ్యి! ఆ చేతిదేం తప్పురా? నమ్మి తీసుకొస్తే లోపలికెళ్ళి నువ్వు చేసిన పనేంటి? సిగ్గు లేదూ!"

సూపరింటెండెంటు ముఖం కందగడ్డయింది. "డాక్టర్! మాత్రల్ని తిట్టొద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు సార్. అయితే ఎవర్ని తిట్టమంటారో చూపించండి. ఈ మంచం చుట్టూ ఉన్న మనుషుల్లో ఒక్కరిని చూపించండి, వాళ్ళనే తిడతాను. చూపించలేకపోతే నన్ను నా పని చేసుకోనివ్వండి!"

ఆయన డ్రైవర్ని చూశాడు. భార్యని చూశాడు. మూలన ముడుచుకుని కూర్చున్న ముసలమ్మని చూశాడు. ఎవరివైపూ ఆయన వేలు లేవలేదు.

డాక్టరమ్మ మళ్ళీ మాత్ర మీద పడింది. బీపీ మాత్ర వంశాన్నంతా ఏకరువు పెట్టి మరీ తిట్టింది. ఇక ముసలమ్మ వల్ల కాలేదు. లేచి వచ్చింది.

"పాపం, దాన్నెందుకు తిడతావమ్మా? అది కాదు." కళ్ళజోడు డబ్బా తెరిచి సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తీసింది. "ఇది. నా మోకాళ్ళకిచ్చారు, నాకు అమృతంలా పనిచేసింది. నడుంనొప్పి అంటే వీడికీ వేశాను. ఇక్కడికొచ్చాక మీరు అన్ని మందులూ ఆపేశారాయె. ఏ మందూ లేకుండా పిల్లాడు ఎలా కోలుకుంటాడని..."

నర్సమ్మకి అప్పుడు తలకెక్కింది. గ్లాసు అడుగున తెల్లటి పొడి. సూటిగా అడిగితే కోడలి ముందు ఈ ముసలమ్మ చచ్చినా నోరు విప్పదు. ఇన్నేళ్ళూ తలుపులు వేసి తను దాచిపెట్టింది పిచ్చి కాదు. తప్పు చేసిన మనిషి ఆ తిట్ల చాటున నిలబడి నిజం చెప్పుకునే చోటు. నర్సమ్మకి ఏడుపూ గర్వమూ ఒక్కసారే వచ్చాయి.

డ్రైవరు భార్య అప్పటికే ముక్కుపుటాలెగరేసి అత్త మీదికి కదిలింది.

"ఆగమ్మాయ్!" డాక్టరమ్మ అడ్డం నిలబడి మాత్రల అట్ట ఆమె చేతిలో పెట్టింది. "నాకు గొంతు పోయింది. మిగతావి నువ్వు తిట్టు. మొహమాటపడకు."

ఆ పిల్ల అట్ట వంక చూసింది. అత్త వంక చూసింది. మళ్ళీ అట్ట వంక చూసింది.

"నీకేం తెలుసని వేలు పెట్టావే?" అని అందుకుంది. "అన్నీ నీకే తెలుసా? ఒక్క మాట నన్నడిగితే నీ సొమ్మేం పోయింది? పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఈ ఇంట్లో ప్రతిదాంట్లో నువ్వే!"

మాత్ర ఆ ఇంటికి వచ్చి నెల కూడా కాలేదు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. అత్తగారైతే పక్కకొచ్చి నిలబడి, "అలా గడ్డి పెట్టమ్మా, దానికి బాగా పొగరు" అని వంత పాడింది.

మంచం మీద, ఇన్నాళ్ళూ కదలకుండా పడున్న డ్రైవరు భుజాలు సన్నగా ఊగడం మొదలుపెట్టాయి. నర్సమ్మ కంగారుగా వంగి చూసింది.

"నవ్వకు నాయనా, పెదవులు చిట్లుతాయి!" అంది డాక్టరమ్మ. ఆ వెంటనే మాత్రల అట్ట లాక్కుని అతని మంచం మీదుగా ఎత్తి పట్టుకుంది. "చూశావా గుండూ? నవ్వుతున్నాడు. ఏం చేసుకుంటావో చేసుకో, పో!"