మరునాటి వాసన

లేదు, నేను ఏడవలేదు. బస్సు దిగుతూ పడిపోయి పెద్దమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ల్యాబ్‌లో ఆమె ఆరబెట్టిన కాగితం ముక్క.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో మొక్కల నూనెల్లో ఏమేం కలిసున్నాయో తేల్చే పని ఆమెది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు మెషిన్ గీసే గీతలు చదవడం నేర్పింది. నిమ్మగడ్డి నూనెకు పక్కపక్కనే రెండు కొండలు లేస్తాయి. "గీ పొట్టిది నేను, పొడుగుది మీ అమ్మ," అనేది. కిరసనాయిలు కలిస్తే రంపం పళ్లలా సన్నగీతలు వరసగా వస్తాయి.

మెషిన్ చెప్పినా ఆమెకు చాలదు. కాగితం ముక్క నూనెలో ముంచి, తెచ్చినవాళ్ల పేరు రాసి, మరునాడు వాసన చూసేది. "నిమ్మకు తొందరెక్కువ, పోతది. కిరసనాయిలుకు ఏం తొందర?" కాగితం నాకూ ఇచ్చేది. "నీ నోటికే సిగ్గురా, ముక్కుకు లేదు."

నాయిన ఫిల్మ్ నగర్‌లో షూటింగులవాళ్లకు దోమలు కుట్టకుండా రాసుకునే నిమ్మగడ్డి నూనె అమ్ముతాడు. రెండేళ్ల కింద అది రాసుకున్న ఒక డ్యాన్సర్‌కు చేతులు బొబ్బలెక్కాయి. పెద్దమ్మ ఆ సీసా పరీక్ష చేసి, కిరసనాయిలు కలిసిందని తేల్చి, నేరుగా యూసుఫ్‌గూడలోని మా ఇంటికి వచ్చింది.

"మరిదీ, గా డబ్బా మోరీల పారబొయ్యి."

"ఇంటోళ్లమే గద వదినా. జర చూసీ చూడనట్టుండు."

"ఆ పిల్ల చేతులు చూసొచ్చిన. ఎట్లుండాలె?"

డబ్బా ఆమే మురిక్కాలవలో ఒంపేసింది. ఆ రోజు నుంచి నాయిన ఆమెతో మాట్లాడలేదు.

మొన్న ఆదివారం తనంతట తానే కొత్త సీసా నా చేతికిచ్చాడు. "గీసారి ఏం కలపలే. వదినకు చూపియ్యి. మంచిగుందంటే అన్నానికి రమ్మను."

మర్నాడు తీసుకెళ్లి పెద్దమ్మకు ఆ మాట చెప్పాను. మెషిన్ రిపేరులో ఉంది. కాగితం ముంచి, నాయిన పేరు రాసి తగిలించింది. "రేపు చెప్త. కూరేం వండుతరో అడుగు."

ఆ సాయంత్రమే పడిపోయింది.

మరునాడు దహనం అయ్యాక ల్యాబ్‌కు వెళ్లి ఆ కాగితం వాసన చూశాను. నిమ్మ పోయింది. ఇంకొకటి పోలేదు. కలిపింది నాయినో, నాయినకు అమ్మినవాడో నాకు తెలియదు.

ఇంటికొస్తే నాయిన గడప మీద కూర్చుని ఉన్నాడు. పాడె మోసిన భుజం కందిపోయి ఉంది.

"సీసా చూసిందారా వదిన? ఏమన్నది?"

కాగితం నా జేబులోనే ఉంది. మీరైతే ఏం చెప్తారు?